ఆర్గానిక్ కొనాలా, మామూలువి తినాలా? మీ ఉత్తరాలకు జవాబులు

ఆర్గానిక్ తిండి గురించి రాయమని చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాను. నేను పోషకాహారం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పల్నాడులో మిర్చి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. కాబట్టి కొనేవాళ్ళ బాధా తెలుసు, పండించేవాళ్ళ బాధా తెలుసు. పేర్లు వేయవద్దని కొందరు అడిగారు గనుక అందరివీ ఊళ్ళ పేర్లే ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ళు. వాడికి అన్నం పెట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు అన్నీ ఆర్గానిక్ షాపులోనే కొంటున్నాం. ఇంటి ఖర్చు దాదాపు రెట్టింపైంది. కూరగాయలు మరీ ఖరీదని ఇప్పుడు పూటకో కూరతో సరిపెడుతున్నాం, పండ్లు తగ్గించాం. "మేమంతా ఏం తిని పెరిగాం?" అంటారు మా అత్తగారు. మానేద్దామంటే చేతులారా బాబుకి విషం పెడుతున్నానేమో అని టెన్షన్. ఆర్గానిక్‌లో పోషకాలు నిజంగా ఎక్కువా?
— ఒక తల్లి, మియాపూర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట విషం కాదు, "పండ్లు తగ్గించాం" అన్నది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరడిగింది చెబుతాను.

పోషకాల మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండు వందలకు పైగా అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదన్నారు. 2014లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 343 అధ్యయనాలను పరిశీలించారు. ఆర్గానిక్ పంటల్లో పాలీఫినాల్స్ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఎక్కువగా, కాడ్మియం అనే హానికర లోహం సుమారు సగం తక్కువగా ఉన్నాయన్నారు. దీనికి కారణాలూ ఊహించవచ్చు. పురుగునీ తెగులునీ తట్టుకోవడానికి మొక్క తనలో తయారుచేసుకునే పదార్థాలే ఈ పాలీఫినాల్స్. మందు కొట్టని పొలంలో ఆ పని మొక్కే ఎక్కువగా చేసుకోవాలి. కాడ్మియం భాస్వరం ఎరువులతో నేలలోకి చేరుతుంది. ఈ తేడా నిజమే కావచ్చు. కానీ ఆ ఎక్కువ పాలీఫినాల్స్ వల్ల తిన్న మనిషికి ఇంత మేలు జరిగిందని ఇంతవరకు ఎవరూ గట్టిగా చూపించలేదు. పైగా ఒకే తోటలోని తాజా కాయకీ మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్న కాయకీ పోషకాల్లో తేడా చాలా ఉంటుంది.

పురుగుమందు అవశేషాల విషయంలో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో 23 మంది బడిపిల్లలకు ఐదు రోజులు ఆర్గానిక్ తిండి పెట్టి, ముందూ వెనకా వాళ్ళ మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ మందుల ఆనవాళ్ళు ఆ ఐదు రోజులూ దాదాపు కనిపించకుండా పోయాయి. మామూలు తిండికి మారగానే మళ్ళీ వచ్చాయి. 2006లో అచ్చయిన అధ్యయనం ఇది. అంటే మనం తినే మందు శరీరంలోకి వెళుతోంది. అది మానితే త్వరగానే బయటికి పోతోంది. మన దేశం సంగతి చూస్తే, వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2014-15లో దేశమంతటి నుంచీ 20,618 నమూనాలు పరీక్ష చేయించింది. 18.7 శాతంలో ఏదో ఒక మందు అవశేషం కనిపించింది. చట్టం ఒప్పుకునే పరిమితి దాటినవి 2.6 శాతం. ఆ పంటకు అనుమతే లేని మందులు దొరికినవి 12.5 శాతం. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ చివరి అంకె. ఏ పంటకి ఏ మందు కొట్టాలో రైతుకి చెప్పేవాళ్ళు లేరని అది చెబుతోంది.

మరి మీ బాబుకి మీరు పెడుతున్నది విషమా? కాదు. పరిమితులు పెట్టేటప్పుడు, జంతువుల మీద ఏ హానీ చేయని మోతాదును కనీసం వంద వంతులు చేసి, అందులో ఒక వంతునే మనిషికి రోజుకి సరేనంటారు. పరిమితి లోపు ఉన్న కాయని కడిగి, వండి పెడుతున్న తల్లి బిడ్డకు విషం పెట్టడం లేదు.

ఇప్పుడు పండ్ల సంగతి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే పెద్దవాళ్ళకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. పిల్లలకి వయసుని బట్టి తక్కువే కావాలి, కానీ రకాలు మాత్రం అన్నీ కావాలి. ఆర్గానిక్ కోసం పూటకో కూరతో ఆగిపోయి, జామకాయా బొప్పాయీ మానేస్తే బాబుకి నష్టమే ఎక్కువ. మామూలు మార్కెట్లో రకరకాల కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కొనండి. డబ్బు మిగిలితే, ఏవి ఆర్గానిక్ కొనాలో చివరి ఉత్తరానికి జవాబులో రాశాను.

పాలకి ఒక మాట. ఆర్గానిక్ పాలలో ఒమేగా-3 కొవ్వులు సుమారు 50 శాతం ఎక్కువని 2016లో న్యూకాజిల్ వాళ్ళే తేల్చారు. పశువు పచ్చగడ్డి మేయడమే దానికి కారణం. మీకు తెలిసిన మనిషి గేదెల్ని బయట మేపి పాలు పోస్తుంటే, సీసా మీద ముద్ర ఉందా లేదా అని చూడక్కర్లేదు. అసలు పాలలో ఉండే ఒమేగా-3 తక్కువే. వారానికి రెండుసార్లు చేపలు పెట్టినా, పచ్చడిలోనో పొడిలోనో అవిసెగింజలు వేసినా అంతకంటే ఎక్కువే అందుతుంది.

మీ అత్తగారికి చెప్పండి, ఆవిడ చిన్నప్పుడు తిన్న కూరలకి ఇన్ని మందులు లేవు. కోడలిగా మీకు కలిగిన అనుమానం న్యాయమైనదే.

ప్రశ్న: మా వీధి చివర కొత్తగా ఆర్గానిక్ దుకాణం పెట్టారు. గోనెసంచుల్లో విడిగా బియ్యం, కందిపప్పు పెట్టి "100 శాతం ఆర్గానిక్" అని బోర్డు రాశారు. ఏది నిజమో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బోర్డు చూసి తెలుసుకోలేం. కళ్ళతో చూసి, రుచి చూసి, వాసన చూసి కూడా తెలుసుకోలేం. కాగితం చూడాలి, లేదా మనిషిని తెలిసి ఉండాలి. ఇంకో దారి లేదు.

మన దేశంలో రెండు రకాల కాగితాలున్నాయి. మొదటిది ఎన్‌పీఓపీ, అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉన్న వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా దీన్ని నడుపుతుంది. ఎగుమతులకి ఇదే ఆధారం. గుర్తింపు పొందిన ఒక సంస్థ మనిషి పొలానికి వచ్చి, రికార్డులు చూసి, అవసరమైతే నమూనా తీసుకుని సర్టిఫికెట్ ఇస్తాడు. రసాయనాలు మానేసిన రోజు నుంచే పంట ఆర్గానిక్ కాదు. వరి, పప్పుల లాంటి వాటికి రెండేళ్ళు, మామిడి, కొబ్బరి లాంటి తోటలకి మూడేళ్ళు నేల మారే కాలంగా లెక్కేస్తారు. రెండోది పీజీఎస్-ఇండియా. ఇది వ్యవసాయ శాఖది. కనీసం ఐదుగురు రైతులు ఒక జట్టుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు తక్కువ కాబట్టి చిన్న రైతులకి అందుబాటులో ఉంటుంది. మారే దశలో ఉంటే పీజీఎస్-గ్రీన్ అనీ, పూర్తయితే పీజీఎస్-ఆర్గానిక్ అనీ వేస్తారు.

ఆహార భద్రతా సంస్థ 2017లో చేసిన నియమాల ప్రకారం, ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాసి అమ్మాలంటే ఈ రెండింటిలో ఒకటి ఉండాలి. దానికి గుర్తుగా అప్పుడు "జైవిక్ భారత్" ముద్ర పెట్టారు. మామూలు పంటకి అనుమతించిన మందు పరిమితిలో 5 శాతానికి మించి, లేదా పరీక్షలో కొలవగలిగే అతి తక్కువ మోతాదుకి మించి, ఆర్గానిక్ సరుకులో మందు ఉండకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. ఈ రెండిటిలో ఏది ఎక్కువైతే అది లెక్క. పూర్తిగా సున్నా అని ఎక్కడా లేదు. పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చే మందుకి ఈ రైతు బాధ్యుడు కాడు కదా. అందుకే "100 శాతం మందు లేదు" అని ఎవరైనా ఒట్టేస్తే నాకు నమ్మకం కలగదు.

మీరు ఆ దుకాణంలో అడగాల్సింది ఇది: సంచీ ఎక్కడి నుంచి వచ్చింది? దాని సర్టిఫికెట్ నంబరు ఏది? ఎన్‌పీఓపీ అయితే సర్టిఫై చేసిన సంస్థ గుర్తింపు నంబరు లేబుల్ మీద ఉంటుంది. పీజీఎస్ అయితే ఆ జట్టు నంబరు ఉంటుంది. "మా దగ్గరికి వచ్చేవన్నీ ఆర్గానిక్కేనండీ" అన్నది జవాబు కాదు. విడిగా అమ్మేచోట ఒక సంచీలో ఇంకో సంచీ సరుకు కలిపితే కనిపెట్టేవాళ్ళు లేరు.

చిన్న రైతు తన పంటని తనే నేరుగా మీకు అమ్మితే, ఏడాది అమ్మకాలు 12 లక్షల రూపాయలు దాటనంతవరకు చట్టం సర్టిఫికెట్ అడగదు. ఇది మంచి వెసులుబాటు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం చేస్తున్న కుటుంబాల్లో ఎక్కువమంది ఇలాంటి వాళ్ళే. పేడ, పశువుల మూత్రంతో చేసే ఘన జీవామృతం, ద్రవ జీవామృతం, వేపాకుతో చేసే నీమాస్త్రం వేసి పండిస్తారు. చాలామంది దగ్గర ఏ ముద్రా ఉండదు. ఖమ్మం చుట్టుపక్కల అలాంటి రైతు ఒక్కరు తెలిసినా చాలు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని పొలానికి వెళ్ళండి. కలుపు ఎలా తీస్తున్నారు, పురుగు పడితే ఏం చేస్తున్నారు అని అడగండి. నిజంగా చేసేవాడు ఆ ప్రశ్నకి అరగంట మాట్లాడతాడు.

ప్రశ్న: పట్నం వాళ్ళకి ఆర్గానిక్ తినండని చెప్పడం తేలికే. నాది నాలుగెకరాల మిర్చి. సగం కౌలు. మందు కొట్టకుండా మిర్చి పండించి చూపించండి, నేను మానేస్తాను.
— ఒక రైతు, చిలకలూరిపేట దగ్గర

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది. మా తమ్ముడూ ఇదే మాట అంటాడు. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు పూతలోనే చేరి తోటకి తోట ఎండబెట్టింది. ఒక్కో రైతు మందుల దుకాణంలో ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా కొట్టాడు. రెండు మూడు మందులు కలిపీ కొట్టారు. పురుగు చావలేదు. దాన్ని తినే మంచి పురుగులు చచ్చాయి. అప్పు మిగిలింది. ఆ ఏడాది చూసినవాళ్ళెవరూ మీకు ఉపదేశం చేయలేరు.

కాబట్టి రేపటి నుంచి అన్నీ మానేయమని నేను అనను. శ్రీలంక ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, అదే ఏడాది నవంబర్‌లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈలోగా వరి, తేయాకు దిగుబడి పడిపోయింది. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం ఆర్గానిక్ దిగుబడి పంటనీ నేలనీ బట్టి 5 నుంచి 34 శాతం దాకా తక్కువ. ఆ తగ్గిన దిగుబడిని కొనేవాడి ధర పూడ్చాలి. పూడ్చకపోతే రైతు ఎందుకు మారాలి? ఇది ఈ పేజీ చదివే పట్నం వాళ్ళకి చెబుతున్నాను. ఆర్గానిక్ సరుకు ధర ఎక్కువని విసుక్కునే ముందు, కలుపు మందుకి బదులు నలుగురు కూలీలు వంగి తీసిన కలుపు ఆ ధరలో ఉందని గుర్తుపెట్టుకోండి.

కానీ దారి లేదని కూడా నేను ఒప్పుకోను. పాల్వంచ మండలం పునుకుల పత్తి రైతులు పురుగుమందులు మానేసి ఆ సంగతి ఊరంతా కలిసి ప్రకటించారు. పత్తి అంటే మిర్చి కంటే తేలిక పంటేమీ కాదు. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి 2006లో ఊరు ఊరంతా రసాయనాలు వదిలేసింది. ఒక్క రైతు కాదు, పక్కనున్న పొలాలన్నీ కలిసి చేశాయి. ఒక్కరే మానేస్తే పక్క చేలో పురుగు మీ మీద పడుతుంది. జట్టుగా మానేస్తే పరిస్థితి మారుతుంది.

వాళ్ళు చేసిన పనులు మీకు తెలియనివి కావు. చుట్టూ జొన్న, మధ్యలో ఆముదం, బంతి వేయడం. మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, తామరపురుగుకి నీలం జిగురు అట్టలు పెట్టడం. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడి కషాయం కొట్టడం. నాలుగెకరాల్లో ఒక అరెకరం ముందుగా ఇలా చేసి చూడండి, అది కూడా మీ ఇంటికి వాడుకునే మిర్చి కోసం. మీ పిల్లలు తినేది ఆ అరెకరం నుంచే రానివ్వండి. మిగతా మూడున్నరలో పురుగు కనిపిస్తేనే మందు కొట్టండి, వారం తిరిగిందని కాదు. డబ్బా మీద కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో రాసి ఉంటుంది, అది పాటించండి. తగిన అవశేష పరిమితి దాటని ఎండుమిర్చికి ఎగుమతి వ్యాపారులు వేరే ధర పెడతారు, అది మీకూ తెలుసు.

ఇంకొక్క మాట. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా ఇంట్లో మందు కొట్టడానికి వచ్చే మనిషి ఒకరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చేతులకి ఏమీ లేకుండా, ఎదురుగాలిలో కొట్టేవారు. ఒకరోజు మధ్యాహ్నం గట్టు మీద కూలబడి, నోట్లోంచి నురగ వచ్చి, కనుపాపలు సూది మొనంత అయిపోయాయి. ఆసుపత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించి బతికించారు. నెల తిరక్కుండా మళ్ళీ ట్యాంకు భుజానికెత్తుకున్నారు, పిల్లలున్నారు కదా. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. నాకు ఆర్గానిక్ మీద పట్టుదల ఎందుకని అడిగితే మొదట వాళ్ళే గుర్తొస్తారు. తినేవాడి పళ్ళెంలోకి వచ్చేది మైక్రోగ్రాములు. కొట్టేవాడి చర్మం మీద పడేది పిచికారీ మందు. మీరు కొట్టినా కూలీ కొట్టినా చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు, ఒంటినిండా బట్ట ఉండాలి. గాలి వీచే దిక్కుకే కొట్టాలి. ఇందులో ఒక్క రూపాయి కూడా వెనక్కి తీయవద్దు.

ప్రశ్న: వంకాయలో పురుగు కనిపిస్తే మందు కొట్టలేదని అర్థమట కదా? మా స్నేహితురాలు పుచ్చులున్నవే ఏరి కొంటుంది. అసలు ఆర్గానిక్ అంటే మందే కొట్టరు కదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ నిజం కాదు. వంకాయ కాయతొలుచు పురుగు పిల్లగా ఉన్నప్పుడే కాయలోకి దూరిపోతుంది. లోపలికి వెళ్ళాక బయట కొట్టిన మందు దానికి తగలదు. అందుకే మందు చాలాసార్లు కొట్టిన తోటలో కూడా పుచ్చు కాయలు దొరుకుతాయి. వంకర కాయ, చిన్న కాయ, మచ్చ ఉన్న కాయ, ఇవేవీ సాక్ష్యాలు కావు.

ఆర్గానిక్‌లోనూ మందులుంటాయి. వేప కషాయం, వేపనూనె, గంధకం, మైలుతుత్తం సున్నం కలిపిన బోర్డో మిశ్రమం, బ్యాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా, ట్రైకోడెర్మా శిలీంధ్రం ఇలాంటివి నియమాలకు లోబడి వాడవచ్చు. వీటిలో చాలావరకు త్వరగా విరిగిపోతాయి. మైలుతుత్తంలోని రాగి మాత్రం నేలలో ఉండిపోతుంది, అందుకే దానికి హద్దు పెట్టారు.

పేడ, పశువుల మూత్రంతో చేసిన ద్రావణాలు ఆకుకూరల మీద పడతాయి గనుక వాటిని ఇంకా బాగా కడగాలి. 2011లో జర్మనీలో ఒక ఆర్గానిక్ పొలం నుంచి వచ్చిన మెంతి మొలకల వల్ల ఈ-కోలై సోకి యాభై మందికి పైగా చనిపోయారు. తప్పు ఎరువుది కాదు, ఈజిప్టు నుంచి తెచ్చిన విత్తనాలదని తేల్చారు. కానీ ఆర్గానిక్ కదా అని కడక్కుండా, పచ్చిగా తినకూడదని చెప్పడానికి అది చాలు.

ప్రశ్న: నాటుకోడి గుడ్లు, గానుగ నూనె, నవారా బియ్యం, నల్ల బెల్లం ఇవన్నీ ఆర్గానిక్ కిందికే వస్తాయా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: రావు. నాటుకోడి ఒక జాతి, గానుగ ఒక పద్ధతి, నవారా ఒక విత్తనం. మందులు కొట్టిన వేరుశనగని కూడా గానుగలో ఆడతారు. నవారాకి యూరియా వేసేవాళ్ళూ ఉన్నారు. ఏది ఎందుకు కొంటున్నారో తెలిసి కొనండి.

బియ్యం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆర్గానిక్ సోనామసూరిని తెల్లగా పాలిష్ పట్టిస్తే తౌడుతోపాటు బి విటమిన్లు, పీచు వెళ్ళిపోతాయి. మామూలు దంపుడు బియ్యంలో అవి ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది. కొర్రలు, సామలు, అరికెలు సర్టిఫికెట్ లేకపోయినా పెద్దగా మందులు అడగని పంటలే.

బెల్లం మీ ఊరి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పసుపు రంగులో మెరిసేలా చేయడానికి హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. వేయనిది ముదురు రంగులో ఉంటుంది. కానీ పాకం మాడినా, పాత చెరకు ఆడినా నల్లగానే ఉంటుంది. తెలిసిన గానుగ దగ్గర కళ్ళముందు వండించిందే నమ్మకం.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటున్నాం. పిల్లలకి బిస్కెట్లు, చక్కెర, జ్యూస్ అన్నీ యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఆర్గానిక్ గుర్తున్నవే కొంటాను. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు మీద మాత్రం ఒకప్పుడు కనిపించిన గుర్తు ఇప్పుడు అన్నిటి మీదా లేదు. ఎందుకు?
— ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అంతకుముందు మన అపెడా కింద ఇచ్చిన సర్టిఫికెట్‌ని అమెరికా ఒప్పుకునేది. 2021 జనవరిలో ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2022 జూలై నుంచి భారతదేశం సరుకు అయినా, అమెరికా గుర్తించిన సంస్థ దగ్గర వాళ్ళ నియమాల ప్రకారమే నేరుగా సర్టిఫై చేయించుకోవాలి. ఖర్చు పెరిగింది కాబట్టి కొందరు మానుకుని ఉంటారు. గుర్తు లేని కందిపప్పు చెడ్డదని కాదు. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి ఉడికించండి.

అక్కడ అమ్మే పంటల్లో మందు అవశేషాలను వాళ్ళ వ్యవసాయ శాఖ ఏటా పరీక్షిస్తుంది. 99 శాతానికి పైగా నమూనాలు పరిమితి లోపే ఉంటున్నాయి. మామూలు క్యారెట్, ఫ్రోజెన్ బఠాణీ భయం లేకుండా పెట్టండి. ఆర్గానిక్ బిస్కెట్‌కి మాత్రం నా మద్దతు లేదమ్మా. ఆ గుర్తు పిండి ఎలా పండిందో చెబుతుంది, అందులో చక్కెర ఎంతో చెప్పదు. ఆర్గానిక్ చక్కెరా చక్కెరే. ఆ డబ్బుతో బాదం, ఆపిల్, పెరుగు కొనండి.

ప్రశ్న: మాది చిన్న జీతం. నెలకి ఐదారు వందలు మాత్రం అదనంగా పెట్టగలం. వేటికి పెట్టమంటారు? మిగతావి ఎలా కడగాలి?
— ఒక గృహిణి, ఏలూరు

జవాబు: మీరు అడిగిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ముందు కడగడం చెబుతాను, అది అందరికీ పనికొస్తుంది.

కుళాయి కింద పారే నీటిలో చేత్తో రుద్ది కడగడం అన్నిటికంటే ముఖ్యం. గిన్నెలో ముంచి తీస్తే చాలదు. వంకాయ, బెండకాయ, టమాటా, ద్రాక్ష లాంటివాటిని లీటరు నీటికి నాలుగు చెంచాల ఉప్పు వేసి పది పదిహేను నిమిషాలు ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగండి. వంటసోడా కూడా పనిచేస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 2017లో ఆపిల్ పండ్ల మీద పరీక్షించారు. లీటరుకి 10 గ్రాముల సోడా వేసిన నీటిలో పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచితే తొక్క మీది మందు పోయింది. తొక్క దాటి లోపలికి దిగినది మాత్రం పోలేదు. మొక్క రసంలో కలిసిపోయే మందులు ఏ నీటికీ పోవు, అది తెలిసి ఉండాలి. సబ్బు, డిటర్జెంట్ వాడొద్దు. క్యాబేజీ పైరెండు మూడు ఆకులు తీసేయండి. కాలీఫ్లవర్ పువ్వులు విడదీసి కడగండి. ఆకుకూర కట్ట విప్పి, మట్టి తేలనంతవరకు నీళ్ళు మార్చండి.

ఇక డబ్బు. ఎండుమిర్చి, కారం మొదట. రోజూ ప్రతి కూరలోనూ వేస్తాం, కడగలేం, పైగా మందులు ఎక్కువ పడే పంట. ఏడాదికి సరిపడా ఒకేసారి నమ్మకమైన రైతు దగ్గర తెచ్చుకుంటే కిలోకి కొంత ఎక్కువైనా నెలకి పంచితే తక్కువే. తర్వాత పసుపు, ధనియాలు అలాగే. పచ్చిమిర్చి, కొత్తిమీర, కాలీఫ్లవర్, క్యాప్సికమ్ కొనగలిగితే ఆర్గానిక్ కొనండి, లేదా తక్కువగా వాడండి. కరివేపాకు కొననే వద్దు. మన కరివేపాకులో మందు ఎక్కువని యూరప్ వాళ్ళు సరుకు దిగే చోటే ఆపి పరీక్షించారు. పెద్ద కుండీలో ఒక మొక్క పెట్టండి. బియ్యం కడిగిన నీళ్ళు, పుల్లమజ్జిగ పోస్తే చాలు, ఏడాది తిరిగేసరికి ఇంటికి సరిపోతుంది. పుదీనా అయితే బజారులో తెచ్చిన కట్టలోంచి రెండు కాడలు గుచ్చినా వస్తుంది.

అరటికాయ, కంద, పనస, మునగకాయ, కొబ్బరి, బీరకాయ, సొరకాయ లాంటివి మామూలువే కొనండి. కొన్నిటికి మందు అవసరం తక్కువ, కొన్నిటికి చెక్కు తీసేస్తాం. పప్పులు, బియ్యం కడిగి ఉడికిస్తాం కాబట్టి వాటిని చివర పెట్టుకోండి. మామిడిపండ్ల కాలంలో ఆర్గానిక్ కంటే కార్బైడ్ గురించి ఎక్కువ అడగండి. కాల్షియం కార్బైడ్‌తో పండబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువుతో పండబెట్టడానికి అనుమతి ఉంది. కుదిరితే పచ్చికాయలు తెచ్చి ఇంట్లోనే గడ్డిలో వేసి పండించుకోండి. మీకు దగ్గరే నూజివీడు, కాయలకి కొదవ లేదు.